మహారాణి నిద్ర లేచేలోగా

ఫిబ్రవరి ఏడో తారీఖు, శనివారం. ఆ పొద్దున ముగ్గురూ మాడిన బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ నిలబడే తిన్నారు. కూర్చుందామంటే భోజనాల బల్ల ఖాళీగా లేదు. దానిమీద కంప్యూటరు డబ్బాను పక్కకు పడుకోబెట్టి, రేకు ఊడదీసి, కొడుకు అందులోకి తల దూర్చినంత పని చేస్తున్నాడు. కోడలు ఒక చేత్తో బ్రెడ్డు కాలుస్తూ, ఇంకో చేత్తో అతనికి మరలు అందిస్తోంది.

"ఏదో వాసనొస్తోంది... డబ్బాలోంచేనా?" కొడుకు కంగారుగా తల ఎత్తాడు.

"కాదు, పొయ్యి మీంచి," అంది కోడలు నాలుక కరుచుకుంటూ.

"హమ్మయ్య! బ్రెడ్డేగా."

"బ్రెడ్డేగా అంటే? రేపట్నుంచి డబ్బా తింటావా?"

పెద్దాయన నవ్వాడు. మాడినంత మేరా కత్తితో గీకి, మిగిలింది వాళ్ళిద్దరి పళ్ళాల్లో పెట్టాడు. భార్య పోయి రెండేళ్ళు దాటింది. ఈ మూడో అంతస్తు ఇంట్లో ఒకే చోట మూడు గొంతులు కలిసి వినబడటం అరుదైపోయింది. అందుకే కాబోలు, ఆ తారీఖు ఆయనకు గుర్తుండిపోయింది.

కొడుకు కొత్త డిస్కు బిగించి, రేకు మూసి, చేతులు దులుపుకున్నాడు. "ఇక చూడు! స్విచ్చి నొక్కి వేలు తీసేలోగా తెర వెలుగుతుంది."

"పాత డిస్కు తీసేశావా?"

"దాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేశాను. అది కూడా లోపలే ఉండనీ. ఉంటే ఏం పోయింది? తిండి పెట్టాలా, బట్టలు కొనాలా?"

కోడలు నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఈ హడావిడంతా కోడలి ఉద్యోగం కోసం. ఆసుపత్రులకు వచ్చే ఫోన్లు ఎత్తే పని అది, ఇంట్లోంచే. ఏ డాక్టరు ఎప్పుడుంటాడు, రక్తపరీక్షకు ఏమీ తినకుండా రావాలా తిని రావాలా, అన్నీ ఓపిగ్గా చెప్పాలి. మార్చి నెలాఖరు దాకా పరీక్షాకాలం. పైవాళ్ళకు నచ్చితే పర్మనెంటు చేస్తారు. ఆమెకు ఇదివరకు ఇంతకన్నా మంచి ఉద్యోగమే ఉండేది. అత్తగారు మంచాన పడ్డప్పుడు, చూసుకునే మనిషి కావాలని మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. తరవాత మళ్ళీ ఒక ఉద్యోగం దొరకడానికి ఇంత కాలం పట్టింది.

తీరా సోమవారం పొద్దున స్విచ్చి నొక్కితే, తెర నల్లగానే ఉండిపోయింది. డబ్బా మూలిగింది, కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది. కోడలు కాఫీ సగం తాగేసరికిగానీ వెలుగు రాలేదు. కొత్త డిస్కు పెట్టకముందు పట్టే టైముకు ఇది రెట్టింపు.

కొడుకు పంపుల కర్మాగారంలో తనిఖీ పనికి తెల్లవారుతూనే వెళ్ళిపోతాడు. సాయంత్రం వచ్చి దానితో కుస్తీ పట్టాడు. అక్కర్లేని ప్రోగ్రాములు తీసేశాడు. వైరస్సులు వెతికాడు. కొత్త డిస్కును ఊడదీసి కొన్న కొట్టుకు తీసుకెళ్తే, వాళ్ళు పరీక్షించి నిక్షేపంలా ఉందన్నారు. మెమరీ ముక్క తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు.

"కొత్తది పెట్టాక నెమ్మదించడమేంటి? ఎక్కడా వినలేదు ఈ చోద్యం," అని తల పట్టుకున్నాడు.

"నువ్వు పెట్టావు కాబట్టి," అంది కోడలు.

రాత్రంతా మిషను ఆపకుండా ఉంచుదామంటే కుదరదు. ప్రతి షిఫ్టుకూ ముందు దాన్ని ఆపి మళ్ళీ వెలిగించాలని ఆఫీసువాళ్ళ నియమం. లేకపోతే వాళ్ళ ప్రోగ్రాము లోపలికి రానివ్వదు. వెలిగించి వదిలేసి వేరే పని చూసుకుందామన్నా కుదరదు. మధ్యలో బిగుసుకుపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఎనిమిదింటికి షిఫ్టు అయితే, కోడలు అంతకు ముందే పనులన్నీ ముగించుకుని, కాఫీ కప్పు పట్టుకుని దాని ఎదురుగా కూర్చునేది. ఆ మిషనున్న చిన్న గది, వంటింటికీ ముందుగదికీ మధ్యన ఉంటుంది. ఆ గది గుమ్మం పక్కనే పెద్దాయన కుర్చీ.

"మహారాణిగారు ఇంకా లేవలేదు మామయ్యా," అనేది.

"మేలుకొలుపు పాడమంటావా?"

"మీరు పాడితే అది మళ్ళీ పడుకుంటుంది."

అలా మొదలైంది. వంట చేసేటప్పుడు ఆమె కళ్ళద్దాలకు నూనె తుంపర అంటుకునేది. అవి తీసి ఆయన చేతికిచ్చేది. ఆయన తువ్వాలు కొసతో మెల్లగా తుడుస్తూ ఉంటే, ఆమె ముందురోజు ఫోన్ల కబుర్లు చెప్పేది.

"నిన్న ఒకావిడ, డాక్టరుది హస్తవాసి మంచిదేనా అని అడిగింది మామయ్యా. ఏం చెప్పను?"

"ఏం చెప్పావు?"

"నేనెప్పుడూ ఆయనకు చెయ్యి చూపించుకోలేదమ్మా, ఆయన పంటి డాక్టరు అన్నాను."

ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తన వంతుగా కాలేజీ కబుర్లు చెప్పాడు. పెద్దాయన భౌతికశాస్త్రం ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేసి రిటైరయ్యాడు. మీటరును తలకిందులుగా కలిపి పొగ తెప్పించి, "సార్, రీడింగు రాలేదు గానీ మబ్బు వచ్చింది" అన్న కుర్రాడి సంగతి చెబితే, కోడలు కాఫీ ఒలకబోసుకుంది.

తెర వెలగ్గానే ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తలుపు వేసుకునేది. ఫోన్లలో ఇంటి చప్పుళ్ళు వినబడకూడదు. ఆ తలుపు పడ్డాక ఇల్లు నీళ్ళల్లో మునిగినట్టయ్యేది. కుక్కరు కూత వెయ్యకూడదు. రేడియో పెట్టకూడదు. దగ్గొస్తే పెద్దాయన బాల్కనీలోకి వెళ్ళి దగ్గేవాడు. సాయంత్రం ఆమె గదిలోంచి బయటికొచ్చేసరికి గొంతు పోయి ఉండేది. సైగలతోనే భోజనం వడ్డించేది. కొడుకు ఫోను చూసుకుంటూ తినేవాడు. అంచేత పెద్దాయనకు రోజంటే ఆ పొద్దుటి కాసేపే.

ఒక మధ్యాహ్నం, కోడలికి సెలవు. బజారుకు వెళ్ళింది. ఏమీ తోచక పెద్దాయన మిషను ముందు కూర్చున్నాడు. ల్యాబులో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన మాటే తనకు తాను చెప్పుకున్నాడు: అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసి చూడాలి, ఒకేసారి రెండు మార్చకూడదు. రేకు విప్పాడు. ముందు సీడీలు పెట్టుకునే డబ్బీ తీగ పీకి చూశాడు. తేడా లేదు. దాన్ని తిరిగి పెట్టి, అడుగున ఉన్న పాత డిస్కుకు వెళ్ళే ఎర్ర తీగ పీకాడు. స్విచ్చి నొక్కాడు.

వేలు తీసేలోగా తెర వెలిగింది.

సంగతి అర్థమైంది. మిషను లేవగానే తనకు తగిలించి ఉన్నవాటినన్నిటినీ వరసగా పలకరిస్తుంది. పాత డిస్కు చెడిపోతోంది, తిన్నగా పలకదు. మిషను ఆగుతుంది, మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇక పలకదని తేల్చుకున్నాకే ముందుకు కదులుతుంది. పని లేకపోయినా ఆ పాతది అక్కడ ఉండటమే తప్పు.

తీగను అలాగే వదిలేసి రేకు బిగించాడు. కోడలు వచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ఆమె రెండు సంచులు మోసుకుని ఆయాసపడుతూ వచ్చింది. సరే, రేపు పొద్దున తనే చూస్తుందిలే, అదే బాగుంటుందనుకున్నాడు.

మర్నాడు పొద్దున నిజంగానే చూసింది. "అబ్బ! మహారాణిగారు కరుణించారు మామయ్యా!" అని చప్పట్లు కొట్టింది. వెంటనే, "అయితే ఈలోగా బట్టలు ఆరేసి వస్తా," అని బాల్కనీలోకి పరిగెత్తింది. వచ్చి గబగబా హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు వేసుకుంది. ఆమె కాఫీ కప్పు ఆయన పక్కనున్న ముక్కాలిపీటమీద సగం నిండుగా చల్లారిపోయింది. తువ్వాలు కొస ఆయన వేళ్ళ మధ్య ఉండిపోయింది. తను కనిపెట్టిన సంగతి చెప్పుకోవడానికి కూడా సందు దొరకలేదు.

రెండోరోజూ అంతే. ఆ దొరికిన కాసేపట్లో ఆమె ఇల్లు దుమ్ము దులిపింది. వెళుతూ వెళుతూ, "టిఫిను తిన్నారా మామయ్యా?" అంది. ఆయన జవాబు చెప్పేలోగా తలుపు పడింది.

ఆ సాయంత్రం కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు, పెద్దాయన రేకు విప్పి ఎర్ర తీగ మళ్ళీ తగిలించాడు.

తప్పని తెలుసు. ఒక్క వారమే అనుకున్నాడు. ఆమె షిఫ్టుకు ఆలస్యం కావట్లేదు కదా, కాసేపు కూర్చుంటోంది, అంతేగా అనుకున్నాడు. పొద్దున్నే కిర్రుమన్న చప్పుడూ, ఆ వెనకే "మళ్ళీ అలిగారు మామయ్యా మహారాణిగారు" అన్న గొంతూ వినబడేసరికి, ప్రాణం లేచొచ్చింది. కళ్ళద్దాలు ఆయన చేతిలోకి వచ్చాయి. ఎవరో ఆయనలాంటి ముసలాయన రోజూ ఫోను చేసి, ఏ డాక్టరూ అక్కర్లేదని చెప్పి, మీ ఊళ్ళో ఎండ ఎలా ఉందని అడిగి పెట్టేస్తాడట.

"పాపం, పైవాళ్ళు అలాంటివి వెంటనే పెట్టెయ్యమంటారు మామయ్యా. నాకు మనసొప్పదు. ఎండ బాగానే ఉంది తాతగారూ అని చెబుతాను."

పెద్దాయన అద్దాలు మరీ మరీ తుడిచాడు.

ఒక వారం పోయి ఇంకో వారం వచ్చింది. కానీ చెడిపోతున్న వస్తువు ఒకచోట ఆగదు. కాఫీ సగం తాగేలోగా లేచే మిషను, కాఫీ చల్లారినా లేవడం మానేసింది. కోడలు కబుర్లు తగ్గాయి. కళ్ళు గడియారం మీదకు పోసాగాయి. ఒకరోజు ఎనిమిది దాటింది. ఇంకోరోజు ఎనిమిదిన్నర అయ్యింది. ఆమె ఫోనులో పైఅధికారిణితో, "మేడమ్, నిజంగా మిషనే... లేదు మేడమ్, నేను ఏడుగంటల నుంచీ ఇక్కడే ఉన్నాను," అని బతిమాలుతుంటే, పెద్దాయన నేల చూపులు చూశాడు. ఆ సాయంత్రమే తీగ పీకేద్దామనుకున్నాడు. సాయంత్రం అయ్యేసరికి, రేపొక్కరోజు చూద్దాం అనిపించింది. ఒంటరితనం మనిషికి నేర్పే లెక్కలు అలాగే ఉంటాయి.

ఆ రేపే కొంప ముంచింది. మిషను మూడుసార్లు బిగుసుకుపోయింది. కోడలు లోపలికి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. సాయంత్రం తలుపు తీసుకుని వచ్చిన ఆమె ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. కొడుకు అప్పుడే పనినుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రావద్దన్నారు," అంది.

"అంతమాట అన్నారా?"

"అన్నారు. నీకు ఎన్నిసార్లు చెప్పాను, తెలిసినవాళ్ళకు చూపించమని? అన్నీ నాకే తెలుసంటావు."

"నేనేం చెయ్యను? ఊడదీసి చూడని మర లేదు. నువ్వు కూడా అదేదో ప్రాణం పోయినట్టు... పోతే పోయింది ఆ ఉద్యోగం. మనకు గడవట్లేదా?"

కోడలి గొంతు చిన్నగా వచ్చింది. "గడవడం కోసం కాదు. ఈ ఇంట్లో నోరు విప్పి మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? నువ్వు చీకట్నే వెళతావు, వచ్చి ఫోను చూసుకుంటావు. అత్తయ్య పోయాక, పొద్దున మామయ్యతో ఆ కాసేపు తప్పితే, నాతో నాలుగు మాటలాడిన మనిషి లేదు. ఆ ఫోన్లలో నన్ను అమ్మా అంటారు, తల్లీ అంటారు, ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. అది పోతే నాకేముంది?"

గుమ్మం పక్క కుర్చీలోంచి పెద్దాయన అంతా విన్నాడు. ఒంటరిగా ఉన్నది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒకే కప్పు కింద అందరూ ఎవరి గదిలో వాళ్ళు అదే మోస్తున్నారని తట్టలేదు.

వాళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. వాదులాట సన్నగా అక్కడినుంచి వినబడుతోంది. పెద్దాయన లేచి చిన్న గదిలోకి వెళ్ళి, రేకు విప్పి, వంగి, ఎర్ర తీగ పీకాడు. నడుము ఎత్తేసరికి గుమ్మంలో కొడుకు నిలబడి ఉన్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావు? నువ్వెందుకు ముట్టుకున్నావు దాన్ని?"

పెద్దాయన చేతిలో తీగ అలాగే ఉంది. కొడుకు దాన్నీ, పాత డిస్కునూ మార్చి మార్చి చూశాడు. ఏదో తట్టినట్టు వంగి స్విచ్చి నొక్కాడు. తెర భళ్ళున వెలిగింది.

"ఏయ్! ఇలా రా! త్వరగా రా!" కొడుకు అరుపుకు కోడలు పరిగెత్తుకొచ్చింది. "చూడు, చూడు! పాత డిస్కు! నాన్న కనిపెట్టేశాడు! నేనొక వెర్రివాణ్ణి, దాని జోలికే పోలేదు. ల్యాబ్ డెమాన్‌స్ట్రేటరంటే మాటలా!"

మళ్ళీ ఆపి వెలిగించాడు. మళ్ళీ వెంటనే లేచింది. కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుంది. "నా ఉద్యోగం నిలబెట్టారు మామయ్యా. ఇన్నాళ్ళూ మీ పక్కనే కూర్చుని ఏడ్చాను, ఒక్కసారి చూడమని మిమ్మల్ని అడగాలని తోచలేదు చూడండి."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కొడుకు భుజం తడుతున్నాడు, కోడలి చేతులు వెచ్చగా ఉన్నాయి. ఈ ఇంట్లో ఎవరైనా ఆయన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయింది! కానీ ఆ వెచ్చదనమే ఆయనకు నిప్పులా తగిలింది. మెల్లగా చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"ఇవాళ కనిపెట్టలేదమ్మా," అన్నాడు.

"అంటే?"

"మధ్యలో రెండు రోజులు మిషను బాగా లేచింది, గుర్తుందా?"

"ఆ. చప్పట్లు కూడా కొట్టాను."

"అప్పుడు తీసింది నేనే."

కోడలి ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు. కనుబొమలు మాత్రం దగ్గరపడ్డాయి. "మరి మళ్ళీ...?"

"మళ్ళీ తగిలించిందీ నేనే."



"ఎందుకు మామయ్యా?"

"ఆ రెండు రోజులూ నువ్వు నా దగ్గర కూర్చోలేదమ్మా," అన్నాడు. పైకి అన్నాక ఆ మాట ఎంత చిన్నదిగా, ఎంత సిగ్గుచేటుగా ఉందో ఆయనకే వినబడింది.

ముందు కొడుకు తేరుకున్నాడు. "నాన్నా, నీకు మతి ఉందా? అమ్మ కోసం ఉన్న ఉద్యోగం వదులుకుంది తను. ఏళ్ళ తరవాత దొరికిన ఈ ఒక్కటీ పోయేది. పోయుంటే? నేను ఇందాక మానెయ్యమని కూడా అన్నాను దాన్ని! నీవల్ల అన్నాను!"

"అరవకు," అంది కోడలు.

"అరవక? ఎన్ని సాయంత్రాలు దీనిముందు చచ్చాను! పక్కనే కూర్చుని చూస్తున్నాడు!"

"అరవకన్నానా!" అంది ఆమె ఇంకాస్త గట్టిగా. తరవాత మామగారి వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో కోపంకన్నా ఎక్కువగా ఉన్నదేదో ఆయన చూడలేకపోయాడు. "నేను ఫోనులో ఆవిణ్ణి బతిమాలుతుంటే మీరు పక్కనే ఉన్నారు మామయ్యా. విన్నారు." అంతే అంది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మిషను ఠంచనుగా లేస్తోంది. కోడలు ముక్కాలిపీటమీద కాఫీ పెట్టి, "కాఫీ," అని ఒక్క మాట అని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. వేడిగానే ఉండేది. పంచదార సరిగ్గానే ఉండేది. అదే ఇంకా కష్టంగా ఉండేది. తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించేది. పగలంతా బాల్కనీలో కూర్చుని కింద వీధి చూసేవాడు. ఎదురు కొట్టులో ఇస్త్రీ చేసే మనిషి చొక్కాలను చేతులు కట్టించి దొంతరగా పేర్చేవాడు. పిల్లల బస్సు వచ్చేది, వెళ్ళేది. ఒకసారి ఒక పిచ్చుక రెయిలింగుమీద వాలి, ఆయన్ని తేరిపార చూసి, ఎగిరిపోయింది. అంతటి పలకరింపుకే ఆ పూట గడిచింది.

నెలాఖరున కోడలికి కబురొచ్చింది. తీసెయ్యలేదు, పర్మనెంటూ చెయ్యలేదు. ఆలస్యాల వల్ల పరీక్షాకాలం ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆ సంగతి కొడుకు చెప్పాడు, బాల్కనీలోకి వచ్చి, తండ్రి పక్కన గోడకు ఆనుకుని. కోపం దిగిపోయి అలసట మిగిలిన గొంతుతో.

"నాకొకటి అర్థం కాదు నాన్నా. కూర్చోమ్మా కాసేపు అని అడిగితే తను కూర్చోదా?"

"అడగడం నాకు రాదురా."

"అదేం మాట?"

"మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను దేన్నీ అడగలేదు. దాహమేస్తే నీళ్ళు వచ్చేవి. పొద్దుపోకపోతే తనే వచ్చి కూర్చునేది. నాకేం కావాలో నాకన్నా ముందు తనకు తెలిసేది. అడగకుండా నలభై ఏళ్ళు బతికాక..." మిగతాది మింగేశాడు.

కొడుకు గోడ వదిలి నిలబడ్డాడు. "నాకూ రాదు నాన్నా అడగడం," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మాట పెద్దాయనను కుర్చీలో కూర్చోనివ్వలేదు. కొడుక్కి తాను ఇచ్చిన ఆస్తి ఇదా అనిపించింది.

మర్నాడు సాయంత్రం. చిన్న గదిలో మాటలు ఆగాయి. హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టిన చప్పుడు వినబడింది. పెద్దాయన లేచి తలుపు దగ్గరకు వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. చివరికి మునివేళ్ళతో తట్టాడు.

కోడలు తలుపు తీసింది. కళ్ళకింద నల్లగా ఉంది. "ఏం కావాలి మామయ్యా?" అంది బొంగురుగా. "టీ పెట్టనా?"

"టీ వద్దు," అన్నాడు ఆయన. "కాసేపు నా దగ్గర కూర్చుంటావా అమ్మా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

"ఇవాళ నూటపాతిక ఫోన్లు. ఒక్క మాట కూడా మాట్లాడలేను మామయ్యా."

"మాట్లాడక్కర్లేదు."

"నాకు కోపం కూడా ఇంకా పోలేదు."

"ఉండనీ. కోపంతోనే కూర్చో."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కాదుగానీ, దానికి దూరంలో కూడా లేదు. తన కుర్చీ తనే ఎత్తుకుని బాల్కనీలోకి వచ్చింది. పక్కపక్కన కూర్చున్నారు. ఎదురు కొట్టులో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. గాలి వచ్చింది, ఆగింది. ఆమె కాళ్ళు పైకి ముడుచుకుని, తల గోడకు ఆన్చి, కళ్ళు మూసుకుంది. ఆయన ఏ కబురూ వెతుక్కోలేదు. ఇంత నిశ్శబ్దం పగలంతా ఈ బాల్కనీలోనే ఉంటుంది, కానీ అదీ ఇదీ ఒకటి కాదు.

ఎంతోసేపటికి కళ్ళు తెరవకుండానే ఆమె అంది: "తాతగారు రెండు వారాలుగా ఫోను చెయ్యట్లేదు మామయ్యా."

"ఎండ సంగతి అడిగే ఆయనా?"

"ఊ. ఆయన నంబరు నా దగ్గర ఉండదు. ఎవరింట్లో ఉంటాడో, పక్కన ఎవరున్నారో... ఏమీ తెలీదు." ఆమె కళ్ళు తెరిచింది. "ఊళ్ళో తాతగారందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాను. ఇంట్లో ఉన్న మనిషి తీగలు తగిలించుకుని నన్ను పిలుస్తున్నాడని తెలుసుకోలేకపోయాను."

"అలా అనకు తల్లీ. తప్పు నాది. నీది కాదు."

"తప్పు మీదే," అంది ఆమె చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "అది నేనేం మాఫీ చెయ్యట్లేదు. మూడు నెలలు నాచేత మళ్ళీ పరీక్ష రాయిస్తున్నారు మీరు."

"ఫీజు నేను కడతాను."

ఈసారి నవ్వింది, గొంతులేని గరగర నవ్వు. నవ్వుతూనే ఏడ్చింది. పెద్దాయనకు ఏం చెయ్యాలో తోచక, ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆమె తియ్యమనలేదు.

కొడుకు పనినుంచి వచ్చేసరికి వాళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఆగి ఇద్దర్నీ చూశాడు. వంటింట్లోకి వెళ్ళి తనే పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, వాళ్ళ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఫోను జేబులోంచి తియ్యలేదు. నాలుగు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే అన్నాడు.

"మనందరం ఇక్కడే తిందామా? అడుగుతున్నాను."

"అడుగుతున్నాడట మామయ్యా," అంది కోడలు.

"విన్నాను," అన్నాడు పెద్దాయన. "ముందు లేచి మా ఇద్దరికీ పళ్ళాలు పట్టుకురా. నేనూ అడుగుతున్నాను."

తిన్నారు. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరు, లేదు సరిపోయిందని ఒకరు. పడుకునే వేళకు వాళ్ళిద్దరూ లేచారు. వెళ్ళబోతూ కోడలు ఆగి, "దోమలున్నాయి, ఎక్కువసేపు కూర్చోకండి," అంది. కోపం పోయిందో లేదో ఆ మాటను బట్టి చెప్పలేం. ఆయన తెలుసుకోవాలనీ తొందరపడలేదు.

కింద వీధిలో ఎవరో సైకిలు తొక్కుకుంటూ, ఈల వేసుకుంటూ పోయారు. ఈల మలుపు తిరిగేదాకా పెద్దాయన విన్నాడు. తరవాత లేచి, రెండు కుర్చీలూ పక్కపక్కనే ఉండనిచ్చి, పళ్ళాలు లోపలికి తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాడు. వాళ్ళ గదిలోంచి సన్నగా మాటలు వినబడుతున్నాయి, ఒకసారి కొడుకుది, ఒకసారి కోడలిది. ఆ మాటలు తన అలికిడికి ఆగిపోకూడదని, వెనక్కు వచ్చి, బాల్కనీ తలుపు చప్పుడు కాకుండా మూశాడు.